ఆగడానికో చోటు

"గుమ్మం దాటావంటే మర్యాదగా ఉండదు," అంది బెలెన్.

రెండు చేతులూ బార్లా చాచి తలుపుకి అడ్డంగా నిలబడింది. మా సందులో గుమ్మాలకి రెండు చేతులు అక్కర్లేదు, ఒక మోచెయ్యి చాలు. కానీ బెలెన్ ఏ పని చేసినా నిండుగా చేసే మనిషి.

బయట ఆవిడ కొడుకు రోడెల్. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. లోపల కోడలు అనలిన్, భుజం మీద పాప మికాయ్. పాపకి పొద్దుట్నుంచి ఒళ్లు కాలిపోతోంది.

"జరుగమ్మా. పాపని చూడాలి."

"ఎక్కణ్ణుంచి వస్తున్నావు?"

"తెలీనట్టు అడుగుతావేం? టోటింగ్ ఇంటి నుంచి."

"తిన్నగానా?"

రోడెల్ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"నిన్నేరా. టోటింగ్ శవం పక్కన కూచుని, అక్కణ్ణుంచి లేచి, తిన్నగా పసిబిడ్డ దగ్గరికి వచ్చేశావా? దారిలో ఎక్కడా ఆగలేదూ?"

"ఆగలేదు."

"విన్నావా, అనలిన్?"

"విన్నాను అత్తా," అంది అనలిన్. "ఆగొద్దని చెప్పింది నేనే."

నా గుమ్మం ముందు నేను పిండుతున్న దుప్పటి అలాగే పట్టుకుని ఉండిపోయాను.

పక్కిల్లు నాది. నలుగురి బట్టలూ ఉతికి బతికే పెరింగ్‌ని ఈ సందులో ఎవరినడిగినా చెబుతారు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ ముక్క. వినకూడదనుకున్నా అన్నీ వినిపిస్తాయి. వినకూడదని నేనెప్పుడూ అనుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

మా మనీలాలో చావింటికి వెళ్లినవాళ్లెవరూ తిన్నగా ఇంటికి రారు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి. కాఫీ కొట్టో, బజారో, ఏదో ఒకటి. పోయినవాడు వెంటపడి వస్తుంటే అక్కడ దారి తప్పిపోతాడు. దులుపుకోవడం అంటాం. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా చేస్తారు. కాకపోతే వాళ్లు నవ్వుతూ చేస్తారు.

బెలెన్‌కి ఇందులో నవ్వులాట లేదు. ఆవిడ మొగుడు ఒక వానరోజు చావింటి నుంచి బద్ధకించి తిన్నగా వచ్చేశాడు. అదే వారంలో రోడెల్ తమ్ముడు, అప్పటికి నడక కూడా రాని పిల్లాడు, జ్వరంతో పోయాడు. డాక్టరు ఆ జ్వరానికి ఏ పేరు చెప్పాడో బెలెన్‌కి గుర్తులేదు. మొగుడు ఆగకుండా వచ్చాడన్నది మాత్రం గుర్తుంది.

అనలిన్‌కీ గుర్తున్నవి ఉన్నాయి. రోడెల్ షాబు అనే మత్తుమందు పొగకి మరిగిన రోజుల్లో "ఒక్క నిమిషం ఆగొస్తా" అనేవాడు. ఫ్యాను అలా ఒక్క నిమిషంలోనే అమ్ముడుపోయింది. గ్యాసు పొయ్యి అలాగే పోయింది. ఒకరోజు వండిన అన్నంతో సహా గిన్నె పోయింది. అనలిన్ కడుపుతో ఉందని తెలిశాక చర్చి ఫాదర్లు నడిపే, మత్తు మాన్పించే ఇంట్లో పడి ఉండి, వాంతులతో వణుకులతో చచ్చి బతికి బయటపడ్డాడు. అప్పట్నుంచి ముట్టలేదు. దివిసోరియా బజార్లో బస్తాలు మోస్తున్నాడు. అనలిన్ పెట్టిన షరతు ఒక్కటే. ఇంటి నుంచి పని, పని నుంచి ఇల్లు, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఒక్కసారి ఆగినా సరే, పాపని తీసుకుని సమార్ దీవి పడవెక్కి పుట్టింటికి పోతానంది. ఆ మాట అరిచి చెప్పలేదు. వెల్లుల్లి ఒలుస్తూ మామూలుగా చెప్పింది. అందుకే అందరం నమ్మాం.

ఇద్దరిలో ఎవరిది తప్పంటే నేను చెప్పలేను. చెప్పలేనని తెలిసీ ఇద్దరూ నావైపే చూశారు. నేను దుప్పటి వైపు చూసుకున్నాను.

"అమ్మా, నేనెందుకు ఆగలేదో తెలుసా?" అన్నాడు రోడెల్. "శవం దగ్గర అందరూ ఉన్నారు. కానోర్ ఉన్నాడు. పాత జట్టంతా ఉంది. నేను లేచేసరికి వాళ్లూ లేచారు. 'పద మావా, కలిసి దులుపుకుందాం' అన్నారు. ఎక్కడ దులుపుకుంటారో నాకు తెలుసు. వంతెన కింద కానోర్ గది, షాబు పీల్చే చోటు. చెప్పులు కూడా చూసుకోకుండా పరుగెత్తాను."

అప్పుడు చూశాను వాడి కాళ్లు. ఒకటి వాడి నీలం చెప్పు. రెండోది ఎవరిదో పూల చెప్పు, ఆడవాళ్లది.

"వాళ్లతో వెళ్లమని ఎవరన్నారు?" అంది బెలెన్. "ఒక్కడివే ఎక్కడైనా ఆగొచ్చుగా. ఒక కాఫీ తాగి రా. ఎంతసేపు?"

"ఎక్కడ తాగమంటావు?" అంది అనలిన్. "చోటు నువ్వే చెప్పు అత్తా."

"బిలియర్డ్స్ బల్ల దగ్గర అమ్ముతాడుగా కాఫీ."

"మొదటిసారి షాబు పీల్చింది అక్కడేనమ్మా," అన్నాడు రోడెల్.

"పోనీ జీప్నీ బళ్ల స్టాండు."

"అక్కడ కానోర్ తరఫున అమ్మేవాణ్ణి."

"మరి బజారో? రోజూ వెళ్లే చోటేగా."

"నెత్తిన బస్తా ఉన్నంతసేపూ ఫర్వాలేదు. ఖాళీ చేతుల్తో అక్కడ నిలబడితే నా కాళ్లు నా మాట వినవు."

బెలెన్ నోట చర్చి మాట వస్తుందనుకున్నాను. ఎందుకు రాలేదో ఆవిడే చెప్పింది. "చర్చికి వెళ్లమందామంటే, దేవుడింట్లో వదులుతారా దెయ్యాన్ని? ఆయనకి మాత్రం పనుండదా?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఇంతలో సందు మొదట్లో కిరాణా కొట్టు కిటికీలోంచి సెపా తల బయటపెట్టింది.

"నా కొట్టు దగ్గరికి మాత్రం తేకండి. నాకు మనవలున్నారు."

"నిన్నెవరూ అడగలేదులే," అన్నాను నేను.

"అడగబోతారని ముందే చెబుతున్నా." కిటికీ మూసుకుంది.

అనలిన్ పాపని ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చింది. గొంతు పెంచలేదు. ఆ పిల్ల కోపంలో గొంతు తగ్గిస్తుంది, పక్కింటివాళ్లకి అదో ఇబ్బంది.

"నీ కొడుకు ఈ ఊళ్లోనే పుట్టాడు, ఈ ఊళ్లోనే పెరిగాడు. ఆగితే మునిగిపోని చోటు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ గుమ్మం ఉంది. దాన్ని నువ్వు మూసేశావు."

బెలెన్ చేతులు మాత్రం దించలేదు.

పాప ఏడ్చింది. గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వస్తోంది. రోడెల్ ఒక అడుగు ముందుకేశాడు. బెలెన్ కళ్లు మూసుకుంది. తల్లిని తోసేస్తాడేమోనని భయపడ్డాను. ఒకప్పుడైతే తోసేవాడే. వాడు ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"సరే, నేనూ వెళ్తాను తనతో," అంది అనలిన్. "ఇద్దరం ఆగి వస్తాం."

"పాలిచ్చేదానివి నువ్వు. నువ్వెళ్తే ఆ దెయ్యం నీతోనే వస్తుంది."

"అయితే నువ్వెళ్లు."

అప్పుడు దిగాయి బెలెన్ చేతులు.

"నా మోకాళ్లు..."

"మోకాళ్లు కావు అత్తా," అంది అనలిన్, మెల్లగా.

నిజమే, మోకాళ్లు కావు. లుగావ్ గంజి అమ్మే నార్సింగ్ ఒకరోజు నడిబజార్లో "నీ కొడుకు నా గరిటెలు కూడా వదల్లేదు" అని నలుగురి ముందూ అనేసింది. అప్పట్నుంచి బెలెన్ సందు దాటలేదు. ఉన్న కాస్త మోకాళ్ల నొప్పినే సాకుగా అందరికీ చెప్పింది. మేం అందరం నమ్మినట్టు నటించాం. రోడెల్‌కి ఆ సంగతి తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు. వాడు తలొంచుకుని ఆ పూల చెప్పు వైపు చూస్తున్నాడు.

బెలెన్ లోపలికి వెళ్లింది. వచ్చేసరికి ఆదివారాలు చర్చికి తొడుక్కునే తెల్ల జాకెట్టు తొడుక్కుంది, తల దువ్వుకుంది. కొడుకు మోచెయ్యి పట్టుకుంది.

"నార్సింగ్ కొట్టుకే పోదాం," అంది. "ఎలాగూ పోతున్నాం కదా, అక్కడికే పోదాం."

సందులో జనం తలుపుల్లోంచి చూశారు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. అంత ఠీవిగా కుంటడం నేనెక్కడా చూడలేదు.

*

వాళ్లు వెళ్లాక అనలిన్ గుమ్మంలోనే కూలబడి, పాపని ఒళ్లో వేసుకుని వెల్లుల్లి బస్తా దగ్గరికి లాక్కుంది. వెల్లుల్లి ఒలవడమే ఆ పిల్ల జీవనం. వేళ్ల చివర్లు ఎప్పుడూ ఎర్రగా మండుతుంటాయి. ఆ వేళ్లతో పాపని తాకాల్సి వస్తుందని మణికట్టుతో తడుతుంది.

నేను వెనిగర్‌లో గుడ్డ తడిపి పాప నుదుటి మీద వేశాను.

"వెళ్లొద్దన్నానక్కా," అంది. "అసలా చావింటికే వెళ్లొద్దన్నాను. 'టోటింగూ నేనూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం అనలిన్, వాడి గుండె నిద్రలో ఆగిపోతే కనీసం మొహం చూడొద్దా' అన్నాడు. ఏమంటాను? వెళ్లు, తిన్నగా రా అన్నాను."

"తిన్నగానే వచ్చాడుగా."

"వచ్చాడు. వస్తే గుమ్మం బయట నిలబెట్టాం."

"మీ అత్త భయం మీ అత్తది."

"ఆవిణ్ణి తప్పు పట్టట్లేదు. పాప ఒళ్లు ఇలా కాలుతుంటే నాకూ భయమే. నేనూ ఈ నమ్మకాల్లో పెరిగినదాన్నేగా. చావింటి నుంచి తిన్నగా రమ్మని చెప్పానే, ఏ తల్లైనా అలా చెబుతుందా అని పొద్దుట్నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను."

నేనూ ఒక వెల్లుల్లిపాయ తీసుకుని ఒలిచాను.

"అక్కా, ఒకటడుగుతాను. తను ఎప్పుడైనా ఆగాడనుకో. నేను నిజంగా వెళ్లిపోతానంటావా?"

"వెళ్లకపోతే ఆ మాట ఎందుకన్నావు?"

"అనకపోతే నాకు నిద్రపట్టేది కాదు."

సమార్‌లో వాళ్లమ్మకి ఉన్నది రేకుల పాక, అందులో ఇప్పటికే పిల్లలతో సహా ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. వెళ్లినా ఆకలే. కానీ ఆ ఆకలి పొద్దున్నే ఏ గిన్నె మాయమైందోనని వెతుక్కునే ఆకలి కాదు.

పాప కాస్త కునుకు తీసింది. ఎదురింటి రేకు మీద ఎండ ఎర్రబడింది. ఎవరి అడుగుల చప్పుడైనా సరే అనలిన్ వేళ్లు ఆగుతున్నాయి.

*

రోడెల్ వచ్చాడు. ఒక్కడే.

"అత్తేదీ?"

"వస్తుంది. ముందు చెప్పేది విను."

అనలిన్ వినలేదు. లేచి, వాడి గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. బజార్లో చేప కళ్లు చూసినట్టు వాడి కళ్లు చూసింది. రోజూ పని నుంచి రాగానే ఇదే తంతు. పాపం, వాడూ తల ఎత్తి నిలబడతాడు. మొగవాడు అలా నిలబడటం చూసి సందులో కొందరు నవ్వారు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

కళ్లు శుభ్రంగా ఉన్నాయి. అనలిన్ చెయ్యి దించింది.

"చెప్పు."

"నార్సింగ్ అమ్మని చూసి ఏమీ అనలేదు. గంజి పోసింది. అమ్మ గిన్నెలో అడక్కుండానే గుడ్డేసింది. అమ్మ ఏడ్చింది కొంచెం. తిన్నాం. లేద్దామనుకునేలోపు కానోర్ వచ్చాడు, ఇంకొకడు కూడా. వచ్చి మా బల్ల దగ్గరే కూచున్నారు."

"వాళ్లకి మీరక్కడున్నారని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాళ్లూ చావింటి నుంచేగా వస్తున్నారు. వాళ్లకీ ఎక్కడో ఒకచోట ఆగాలిగా."

అనలిన్ పాప మీద గుడ్డ సర్దింది.

"కానోర్ నా భుజం మీద చెయ్యేశాడు. అమ్మ అప్పటిదాకా నా చెయ్యి పట్టుకునుంది. నా చెయ్యి వదిలేసి వాడి చెయ్యి పట్టుకుంది. 'కూచో నాన్నా, మీ అమ్మ ఎలా ఉంది, చిన్నప్పుడు మా ఇంట్లో నూడుల్స్ తినేవాడివి గుర్తుందా' అని మొదలుపెట్టింది. నావైపు చూసి 'నువ్వు పో' అంది. 'తిన్నగా పో, వెనక్కి చూడకు' అంది. వచ్చేశాను."

"ఆవిణ్ణి వాళ్ల దగ్గర వదిలేసి వచ్చావా? ఆ కాళ్లతో?"

"ఇంకొక్క నిమిషం ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, అనలిన్."

నేను లేచాను.

"నేను వెళ్లి తీసుకొస్తా."

"వద్దక్కా," అంది అనలిన్. "పంపింది నేను. నేనే వెళ్లాలి."

వెళ్లాలంటే పాపని ఎవరికో ఒకరికి ఇవ్వాలి. నేను చేతులు చాచాను కూడా. అనలిన్ నన్ను చూసింది, మొగుణ్ణి చూసింది. పాప పుట్టింది మొదలు ఆ పిల్ల వాడి దగ్గర బిడ్డని వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. నీళ్ల పంపు దగ్గరికి కూడా చంకనేసుకునే వచ్చేది. ఎందుకని నేనడగలేదు, వాడూ అడగలేదు.

పాపని తీసి వాడి భుజం మీద పెట్టింది.

"గుడ్డ ఆరితే మళ్లీ తడుపు. వెనిగర్ కళ్లలో పడనివ్వకు. ఏడిస్తే కూచోకు, నడుస్తూ ఉండు."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"రోజూ చూస్తున్నాగా."

అనలిన్ చేతులు గౌనుకి తుడుచుకుని బజారు వైపు వెళ్లిపోయింది. సందు మలుపులో వెనక్కి చూస్తుందనుకున్నాను. చూడలేదు. వాడూ ఆ మలుపే చూస్తున్నాడు. తిరిగి కూడా చూడకుండా తనని నమ్మిందని వాడికి ఎంత సంతోషమేసిందో, వెంటనే మొహం పాప వీపులో దాచుకున్నాడు.

తలుపు దగ్గరగా వేసుకుని లోపల నడవడం మొదలుపెట్టాడు. పాపకి జోల పాడదామంటే వాడికి పాటలు రావు. బజార్లో బస్తా మోస్తూ అరిచే కేకలే గొంతు తగ్గించి పాడుతున్నాడు. "తప్పుకోండీ, తప్పుకోండీ, బరువూ, బరువూ." పాప కిక్కురుమనలేదు. నేను బయట తీగె మీద బట్టలు తీస్తూ, ఆ నలుగురూ హాయిగా ఉండే రోజు ఇలాగే వస్తుందేమో అనుకున్నాను.

"అక్కా, రోడెల్ ఉన్నాడా?"

తిరిగి చూస్తే కానోర్. వెనకాల ఇంకొకడు, నాకు పేరు తెలీదు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"లేడు," అన్నాను.

"బరువూ, బరువూ," అని వినిపించింది లోపల్నుంచి.

కానోర్ నవ్వాడు. ఎగతాళిగా కాదు. వాడి కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. వాణ్ణి తిడదామని ఎప్పట్నుంచో తిట్లు దాచిపెట్టుకున్నాను. ఆ మొహం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"మావా," అని పిలిచాడు తలుపు వైపు తిరిగి. "నేనే. మీ అమ్మతో బాగానే మాట్లాడాంలే. కానీ ఆ గంజి కొట్టావిడ నువ్వెళ్లగానే మమ్మల్ని లేపేసింది. సెపా అయితే మమ్మల్ని చూస్తూనే కిటికీ వేసేసింది. చావింటి నుంచి వస్తున్నామంటే ఎవరూ నిలబడనివ్వట్లేదు. ఇలాగే ఇంటికెళ్తే మా అమ్మ చంపేస్తుంది. నీ దగ్గర కాసేపు ఆగి పోదామని వచ్చాం."

లోపల నడక ఆగింది.

రెండోవాడు అప్పటికే మెట్టు మీద కూచుని జేబులో చెయ్యి పెట్టాడు. ఆ జేబులో ఏముందో చూడక్కర్లేదు.

"లేవరా అక్కణ్ణుంచి," అన్నాను. "లోపల జ్వరంతో పసిబిడ్డ ఉంది."

"ఉందనేగా అక్కా తలుపు తట్టలేదు," అన్నాడు కానోర్. "పిలిచాం, అంతే. మావా, టోటింగ్ చివరిదాకా నిన్నే తలుచుకున్నాడు. వాడు ఒక్కడే బయటపడ్డాడురా అనేవాడు. అంటూ ఎంత గర్వపడేవాడో తెలుసా?"

తలుపు తెరుచుకుంది. రోడెల్ పాపని గుండెకి హత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కానోర్‌ని చూశాడు. మెట్టు మీద కూచున్నవాణ్ణి చూశాడు. వాడి జేబు కూడా చూశాడు.

పొండి అంటాడని ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అంటే చాలు, మిగతాది నేను చీపురుతో చూసుకునేదాన్ని. వాడు అనలేదు. వచ్చి పాపని నా చేతుల్లో పెట్టాడు.

"కాస్త పట్టుకో అక్కా."

"నువ్వు లోపలికి పోయి తలుపేసుకోరా," అన్నాను మెల్లగా.

"వేసుకుంటే ఇక్కడే కూచుంటారు. ఏమైనా వాళ్ల వెంట వచ్చి ఉంటే అదీ ఇక్కడే కూచుంటుంది. పాపకి అసలే ఒంట్లో బాలేదు."

"రోడెల్, అనలిన్ వచ్చేస్తుంది. కాసేపు ఓపిక పట్టు."

వాడు నా మాట విన్నాడో లేదో. మెట్టు మీదవాణ్ణి చంక కింద చెయ్యేసి లేపాడు. "ఇక్కడ కాదు," అన్నాడు. "లేవండి. పదండి."

"ఎక్కడికి మావా?" అన్నాడు కానోర్.

రోడెల్ ముందు నడిచాడు. ఇద్దరూ వెనకాల నడిచారు. సందు చివర వంతెన వైపు తిరిగారు.

*

కాసేపటికి బజారు వైపు నుంచి అత్తాకోడళ్లు వచ్చారు. బెలెన్ బరువంతా అనలిన్ చేతి మీద వేసి నడుస్తోంది. అనలిన్ రెండో చేతిలో ప్లాస్టిక్ సంచిలో వేడి గంజి. ఏదో చెబుతోంది. బెలెన్ నవ్వుతోంది. ఆ ఇద్దరూ కలిసి నవ్వడం ఎప్పుడూ చూడలేదు. ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో.

అనలిన్ నా చేతుల్లో పాపని చూసింది. తెరిచి ఉన్న తలుపు చూసింది. నవ్వు పోయింది.

"ఎవరొచ్చారు?"

"కానోర్."

"లాక్కెళ్లారా, తనే వెళ్లాడా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఒక్క అబద్ధంతో ఆ కాపురం నిలబడుతుందంటే వంద చెప్పేదాన్ని. కానీ ఆ పిల్ల ఇన్నాళ్లూ అబద్ధాలతోనే బతికింది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. దులుపుకోవడానికి వచ్చామన్నారని, వాడు పాపని నాకిచ్చి వాళ్లని ఇంటి ముందు నుంచి తీసుకుపోయాడని అంతా చెప్పాను.

బెలెన్ శిలువ గుర్తు వేసుకుంది. "బిడ్డ దగ్గర్నుంచి దూరంగా తీసుకుపోయాడే. మంచి పని చేశాడు నా కొడుకు."

"మంచి పనే అత్తా," అంది అనలిన్. "తీసుకెళ్లి ఎక్కడ ఆగుతాడు?"

పాప కళ్లు తెరిచి తల్లిని చూసి చేతులు ఆడించింది.

అనలిన్ పాప నుదుటి మీద మణికట్టు ఆనించి చూసింది. ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే మళ్లీ దించలేననుకుందేమో. గంజి సంచి గుమ్మంలో పెట్టి, "పాపని తీసుకుని లోపలికి వెళ్లు అత్తా," అంది. "తలుపు గడియ పెట్టుకో. ఎవరొచ్చి పిలిచినా తియ్యకు."

బెలెన్ నా దగ్గర్నుంచి పాపని తీసుకుంది. "మరి నువ్వొస్తే?" అంది.

"నాతో ఎవరున్నారో చూసి తియ్యి," అని రోడెల్ కోసం వంతెన వైపు నడిచింది.